పదమూడో చుక్క

రోజు 3

నిన్నటి నా పేజీలు చదివి సలోమి సిస్టర్ కళ్ళజోడు తీసేశారు. "బాగా రాశావు మంజూషా. కానీ సూర్యోదయం మీద పదకొండు లైన్లున్నాయి. మూడో మంచం జ్వరం ఎంతో ఎక్కడా లేదు."

అందుకని ఈ రోజు నుంచి జ్వరాలు ఆసుపత్రి కాగితంలో, సూర్యుడు నా సొంత నోటుబుక్కులో. ఇది నోటుబుక్కు.

అయినా అలవాటు కావడం మంచిదని ఇక్కడా రాస్తున్నాను. రెండో మంచం, భద్రిరాజు గారు: నూటొకటి. మూడో మంచం, వీరవేణి: నూట మూడు. సూర్యుడు: బాగున్నాడు.

మాది ఏడో తెప్ప. నాలుగు పాత పంటులను, అంటే జనాన్ని రేవు దాటించే పెద్ద పడవలను, గొలుసులతో కలిపి కట్టి, పైన కప్పు వేసి ఆసుపత్రి చేశారు. చివరి పంటు మీద ఇంటెన్సివ్ కేర్. మంచాలు ఆరు, ప్రస్తుతం మనుషులు ఇద్దరే. అడ్డంగా వేసిన పట్టీలతో మంచాలను నేలకు బిగించాం కాబట్టి సముద్రపు పోటు వచ్చినా అవి కదలవు. మేమే కదులుతాం.

ఉదయం ఆరింటి నుంచి రెండింటి దాకా డ్యూటీ నాది, డాక్టర్ ఉమాశంకరి గారి కనుసన్నల్లో. రెండింటికి ఏసుపాదం గారు వస్తారు. రాత్రి పదింటికి సిస్టర్. ముగ్గురం నర్సులమే, నేను కొత్త; అందరికీ పని ఒకటే: చీమలకు కాపలా.

అవి నిజం చీమలు కావు. పాత మందుబిళ్ళలకు జబ్బు పురుగులు లొంగడం నేను పుట్టకముందే మానేశాయట. ఇప్పుడు రోగి నెత్తురులోంచి పురుగును పట్టి, దాని రూపు చూపించి, దాన్నే తినే బుల్లి యంత్రాలను పెట్టెలో పెంచుతాం. వెంట్రుక మందంలో వెయ్యి పడతాయి. పుస్తకంలో పేరు సూక్ష్మ రక్షక యంత్రాలు. వార్డులో పేరు చీమలు. ఎవరి చీమలు వారివి, ఎవరి సీసా వారిది. పూటకు పన్నెండు చుక్కలు, రోజుకు మూడు పూటలు. పెద్దాసుపత్రుల్లో ఈ పని పంపు చేస్తుంది. మా తెప్ప ఊగుతుంటే పంపు లెక్క తప్పుతుంది కాబట్టి మేం గాజు గొట్టంతో చేత్తోనే సెలైన్‌లోకి వదులుతాం.

వీరవేణి సంతలో పీతలు అమ్ముతుంది. తొక్కుడు పడవ మీద తిరుగుతుంది. మోకాలి కింద పీత గీరిన చిన్న గాటు, అందులోంచి కాలవ నీళ్ళు, నీళ్ళలోంచి పురుగు. మొన్న రాత్రి తీసుకొచ్చేసరికి కాలు నల్లబడి ఉంది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టాం. మాస్కులోంచి కూడా మాట్లాడుతుంది.

"నీ పేరేటే పిల్లా?"

"మంజూష అండి."

"పొడుగ్గా ఉంది. మంజూ అంటాను. నా పడవకి గొలుసు సరిగ్గా ఏసేరో లేదో కనుక్కోవే, నీకు పుణ్యముంటాది."

చుక్కలు వేసేటప్పుడు పన్నెండు పడ్డాక నా చెయ్యి ఆగలేదు. ఇంకొకటి వేశాను. కొసరు. కూరల పడవ దగ్గర తూకం అయ్యాక కూడా రెండు మిరపకాయలు పడేస్తారు కదా. నూట మూడు జ్వరంలో ఉన్న మనిషికి గీసి గీసి పన్నెండే ఎలా పోస్తాం?

రోజు 4

భద్రిరాజు గారిది కూడా అదే పురుగు, అదే కాలవ. కాలవ లాకుల మీద సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. ఇంత మర్యాదగా తిట్టే మనిషిని నేను చూడలేదు.

"అమ్మాయిగారూ, తమరు వేసేది చుక్కేనా అండి, లేక చిలకరింపా అండి?"

"చుక్కేనండి."

"అయితే లెక్క నేను పెడతానండి. ముప్పై ఏళ్ళు లాకు గేట్లు లెక్కపెట్టినవాణ్ణి. కానివ్వండి. ఒకటి... రెండు..."

పన్నెండు అనగానే చెయ్యి అడ్డం పెట్టేశారు. నాకు కొసరు వేసే అవకాశమూ లేదు, నిజం చెప్పాలంటే బుద్ధీ పుట్టలేదు. ఉప్మా చల్లారిందని ఏసుపాదం గారిని నిన్న అరగంట నిలబెట్టారట.

నెత్తురు నమూనా యంత్రంలో పెడితే పురుగుల లెక్క మంచం పక్కన పలక మీద పడుతుంది. ఆయనది ఎనిమిది వేల నుంచి మూడు వేలకు దిగింది. వీరవేణిది ఎనిమిది వేల రెండొందలు. నిన్నా అంతే. డాక్టర్ గారు కాగితం మీద "నిలకడగా ఉంది" అని రాశారు. నాకు ఆ మాట భలే నచ్చింది. నిలబడి ఉన్నట్టూ ఉంది, కూర్చోనట్టూ ఉంది.

రోజు 5

భద్రిరాజు గారిని మామూలు వార్డుకు మార్చాం. లెక్క రెండొందలు. వెళ్తూ వెళ్తూ నా చేతిరాత ఎడమవైపు వాలుతోందని చెప్పి వెళ్ళారు.

వీరవేణి: తొమ్మిది వేల నాలుగొందలు.

ఈ రోజు ఆమెకు రెండు కొసరు చుక్కలు వేశాను.

రోజు 7

నిన్న రాయలేదు. బుద్ధి పుట్టలేదు. లెక్క పన్నెండు వేలు.

వీరవేణి మాత్రం మాటలు తగ్గించలేదు, మధ్యలో ఆయాసానికి ఆగుతోంది అంతే. పీతను ఎలా పట్టుకోవాలో నేర్పింది. నా బొటనవేలే పీత.

"ఎనకనుంచి రావాల. ముందునుంచెల్తే మర్యాద అనుకోదు, కొరుకుద్ది."

"మిమ్మల్ని కొరికింది మరి?"

"ఆ రోజు ఫోను మాట్లాడతన్నాను. తప్పు దానిది కాదులే." నవ్వింది. నవ్వుతుంటే మాస్కు అద్దమంతా ఆవిరి పట్టింది. తుడిచాను.

పదకొండింటికి డాక్టర్ గారు మమ్మల్నిద్దరినీ, అంటే నన్నూ, డ్యూటీ దిగినా ఇంకా ఇంటికి పోకుండా తిరుగుతున్న సలోమి సిస్టర్‌నూ, బయట వరండాలోకి పిలిచారు.

"శుక్రవారం పదింటికి సర్జరీ పడవ వస్తుంది. ఆ పూటకి లెక్క ఐదు వేల కిందకి రాకపోతే కాలు తీసెయ్యాలి, మోకాలి పైకి. ఇంకా ఆగితే మనిషే దక్కదు. ఆవిడకు నేనే చెప్తాను."

శుక్రవారం అంటే నా లెక్కలో పదకొండో రోజు.

డాక్టర్ గారు చెప్తున్నప్పుడు నేను పరదా ఇవతల ఉన్నాను. వీరవేణి అడిగింది: "ఒంటి కాల్తో తొక్కే పడవలుంటాయాండి?"

"చేత్తో నడిపేవి ఉంటాయమ్మా."

"చేతులు పీతలకి కావాలి కదండి."

డాక్టర్ గారు ఆమె కాలి మీద దుప్పటి సరిచేసి బయటికి వచ్చారు.

రోజు 8

పద్నాలుగు వేల మూడొందలు.

చీమలు పుట్టించే పెట్టె మంచిదేనా అని చూశాం. మంచిదే. పురుగు రూపు మారిందా అని మళ్ళీ నెత్తురు తీశాం. మారలేదు. భద్రిరాజు గారి నెత్తురులో చచ్చిన పురుగే వీరవేణి నెత్తురులో పిల్లాపాపలతో కాపురం చేస్తోంది.

రెండింటికి వచ్చిన ఏసుపాదం గారు సంచీ కూడా దించకుండా నేరుగా మూడో మంచం దగ్గరికి వెళ్ళారు. "ఏమ్మా వీరవేణీ, మా ఆవిడ అడగమంది. వచ్చే నెల మా చంటోడి అన్నప్రాసనకి పీతలు నువ్వే తేవాలంట."

"అన్నప్రాసనకి పీతలేటండి, పసోడికి!"

"పసోడికి పాయసం. పీతలు నాకు."

అందరం నవ్వాం. ఆయన సీసా అందుకుని వెనక్కి తిరిగారు. చుక్కలు లెక్కపెడుతున్న ఆయన వీపు నాకు కనిపించింది. అది నవ్వుతున్న వీపు కాదు.

రోజు 9

ఈ రోజు చాలా జరిగింది. వరసగా రాస్తాను.

ఆరింటికి సిస్టర్ నాకు సీసా అప్పగించారు. గొట్టం ముంచితే గాలి వచ్చింది. సీసా ఖాళీ.

"అదేంటి?" అన్నారు సిస్టర్.

నేను కాగితం తీసి లెక్క వేశాను. సీసాకు మూడొందల చుక్కలు. పూటకు పన్నెండు చొప్పున ఇరవై ఐదు పూటలు. రెండో రోజు మధ్యాహ్నం మొదలుపెట్టాం కాబట్టి రేపు మధ్యాహ్నం దాకా రావాలి. అయిదు పూటల ముందే అయిపోయింది.

"కారిందేమో," అన్నారు సిస్టర్ అటు చూస్తూ.

"కారి ఉంటుందండి," అన్నాను నేను ఇటు చూస్తూ.

కొత్త సీసా పెంచడానికి ఆరు గంటలు పడుతుంది. పెట్టె వెంటనే మొదలుపెట్టాం కానీ పొద్దుటి పూట తప్పిపోయింది. సిస్టర్ ఇంటికి వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చుని పలకనే చూశారు. నేనూ గంటకోసారి చూశాను. ఒక్క చుక్క కూడా పడని ఆ పూట, పన్నెండింటికి, లెక్క పదమూడు వేల నూరు.

దిగింది. వారం రోజుల్లో మొదటిసారి దిగింది.

"ప్రార్థన ఊరికే పోదు," అన్నారు సిస్టర్ కళ్ళు తుడుచుకుంటూ. నేనూ సంతోషించాను, కానీ నాకు ఒకటి గుచ్చుకుంటూనే ఉంది. మందు వేస్తే ఎక్కింది. వెయ్యకపోతే దిగింది. ఇదేం మందు?

ఒంటిగంటకు భద్రిరాజు గారు వచ్చారు. మామూలు వార్డు లుంగీలో, చేత్తో గోడ పట్టుకుంటూ. ఇక్కడ వదిలేసిన తువ్వాలు కోసమట. తువ్వాలు ఇచ్చాను. ఆయన వీరవేణి పలక చూసి, నన్ను చూసి, సిస్టర్‌ని చూశారు.

"ఏమండీ సిస్టర్ గారూ, ఆవిడకు కూడా తమరు పదమూడో చుక్క పోస్తున్నారా అండి?"

"ఏం మాట్లాడుతున్నారండీ?" అన్నారు సిస్టర్.

"నాకు మొదటి రోజు పొయ్యబోయారు కదండీ. నేను చెయ్యి పట్టుకున్నాను. మర్చిపోయారా అండి?"

సిస్టర్ ముఖం నేను చూడలేకపోయాను. చూస్తే నా ముఖం ఆవిడ చూస్తారు.

నేను మందుల గదికి పరిగెత్తాను. చీమలతో పాటు వచ్చే చిన్న పుస్తకం ఒకటుంది, దాని ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ చింపలేదు. చింపాను. అరవై పేజీలు. నలభై ఒకటో పేజీలో ఉంది. చీమలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయట. చుట్టూ తమవాళ్ళు మరీ ఎక్కువైపోతే, ఇక రోగి ఒంటికి హాని చేస్తామేమోనని పని ఆపి నిద్రపోతాయట. పన్నెండు చుక్కల మీద పదోవంతు పెరిగినా చాలు. నిద్రపోయినవి ఒంట్లోంచి బయటికి పోయి గుంపు పలచబడితే, మిగిలినవి లేస్తాయట.

పన్నెండు మీద పదోవంతు అంటే చుక్క కన్నా కొంచెం ఎక్కువ.

మొదటి రెండు రోజులూ నాది ఒక్క చుక్కే. నాది ఒక్కటే అయితే ఏమీ అయ్యేది కాదు. ఆ ఆలోచన రాగానే సిగ్గేసింది. పుస్తకం పట్టుకుని డాక్టర్ గారి గదికి వెళ్ళాను. సిస్టర్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు.

"మేడమ్, నేను మూడో మంచానికి కొసరు వేశాను," అన్నాను. "రెండు రోజులు ఒకటి. తర్వాత నాలుగు రోజులు రెండేసి. మొత్తం పది."

డాక్టర్ గారు పుస్తకం చదివారు. రెండుసార్లు చదివారు. "పదితో ఇంత కాదే. సీసాలో అరవై తేడా వచ్చింది."

అప్పుడే డ్యూటీకి వచ్చిన ఏసుపాదం గారు గుమ్మంలో ఆగిపోయారు. ఎవరూ ఆయన్ని అడగలేదు. "నాది పూటకి మూడండి," అన్నారు. "ఒకటి నా తరఫున, ఒకటి మా ఆవిడ తరఫున, ఒకటి చంటోడి తరఫున. ఏడు పూటలు."

"ఇరవై ఒకటి," అన్నాను నేను.

"అంటే ఇంకా ఇరవై తొమ్మిది," అన్నారు డాక్టర్ గారు.

నాకు మొదటి రోజు "చుక్క అంటే చుక్క, మంజూషా, ఇది నీ కవిత్వం కాదు" అని నేర్పిన సలోమి సిస్టర్ నేల చూస్తూ అన్నారు: "పూటకి నాలుగు. ఒక్కరోజు ఐదు. ఆ రోజు లెక్క బాగా ఎక్కేసింది మేడమ్, చూడలేకపోయాను."

ఆరు నాలుగులు ఇరవై నాలుగు, అయిదు. ఇరవై తొమ్మిది. ఒక్క చుక్క కూడా కారలేదు.

డాక్టర్ గారు తల పట్టుకున్నారు. తిడతారనుకున్నాం. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాం. నవ్వుతున్నారు. "ఆ రాజుగారి మీద ఎవరికీ ప్రేమ లేకపోబట్టి బతికాడయ్యా!" తర్వాత నవ్వు ఆపేసి గట్టిగా తిట్టారు కూడా. ఆ మాటలు ఇక్కడ రాయను. అన్నీ న్యాయమైనవే.

రెండింటి పూట వెయ్యలేదు. రాత్రి కూడా వెయ్యకూడదన్నారు. కొత్త సీసా తాళం వేసిన అరలో పెట్టారు. తాళం చెవి డాక్టర్ గారి మెడలో.

మేం ముగ్గురం ఏం చేశామో వీరవేణికి నేనే చెప్పాను. డాక్టర్ గారు చెప్పమన్నారు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"తిట్టండి," అన్నాను.

"ఊపిరొచ్చాక తిడతాలే," అంది. కాసేపటికి నా చెయ్యి వెతికి పట్టుకుంది. కోపం తగ్గి పట్టుకుందా, భయమేసి పట్టుకుందా, నాకు తెలియలేదు.

రోజు 10

ఏమీ చెయ్యకుండా ఉండటం ఇంత పెద్ద పని అని తెలియదు. ఆరింటికి సిస్టర్ నాకు ఉత్త చేతులు అప్పగించారు.

ఆరింటికి: తొమ్మిది వేల ఎనిమిదొందలు. పదింటికి: తొమ్మిది వేల ఐదొందలు. పన్నెండింటికి: పది వేల నూరు.

మళ్ళీ ఎక్కడం మొదలైంది. డాక్టర్ గారు కాగితం మీద గీతలు గీసుకుని, గుంపు ఇప్పుడు మరీ పలచబడిందన్నారు. ఇక వెయ్యాలి. పన్నెండు. పదకొండు కాదు, పదమూడు కాదు.

"ఎవరు వేస్తారు?" అన్నారు. ఏసుపాదం గారు కూడా ఆ రోజు ముందే వచ్చేశారు; ముగ్గురం చేతులు వెనక్కి పెట్టుకున్నాం. డాక్టర్ గారు నిట్టూర్చి మామూలు వార్డుకు కబురు పంపారు.

భద్రిరాజు గారు తల దువ్వుకుని, చొక్కా వేసుకుని మరీ వచ్చారు. మంచం పక్కన కుర్చీ వేశాం. ఏసుపాదం గారు గొట్టం పట్టుకున్నారు. పోటు ఎక్కే వేళ, తెప్ప మెల్లగా ఊగుతోంది.

"ఊపు ఆగాక కానివ్వండి. ఆఁ. ఒకటి. తొందరేమీ లేదండి. రెండు..."

తొమ్మిదో చుక్క దగ్గర అల వచ్చింది. ఏసుపాదం గారి చెయ్యి గాల్లో ఆగింది. రాజుగారు కూడా ఊపిరి బిగపట్టారు. అల వెళ్ళిపోయింది.

"పది. పదకొండు. పన్నెండు. చెయ్యి తియ్యండి!"

ఏసుపాదం గారు కాలినట్టు చెయ్యి తీసేశారు.

"రాజుగారూ," అంది వీరవేణి మాస్కులోంచి, "మీరు నా పడవలో ఎప్పుడన్నా పీతలు కొన్నారాండి?"

"ఒకసారండి. డజను చెప్పి తమరు పదకొండు ఇచ్చారు."

"ఒకటి పారిపోయుంటాదండి."

"తమరు అప్పుడూ అదే అన్నారండి."

నేను డ్యూటీ దిగేసరికి లెక్క తొమ్మిది వేలు. ఇంటికి వెళ్ళకుండా పడవల రేవులో కూర్చుని ఇది రాస్తున్నాను. "నిలకడ" అన్న మాట నాకిప్పుడు అంతగా నచ్చడం లేదు. "దిగుతోంది" బాగుంది.

రోజు 11

రాత్రి పూట సిస్టర్‌కు రాజుగారే లెక్కపెట్టారట. తెల్లవారి ఆరింటి పూట నాకూ ఆయనే.

ఆరింటికి: ఐదు వేల తొమ్మిదొందలు.

ఎనిమిదింటికి: ఐదు వేల నాలుగొందలు.

తొమ్మిదిన్నరకు సర్జరీ పడవ హారన్ వినిపించింది. అరగంట ముందే వచ్చేసింది. గాలి అనుకూలించిందట. ఆ గాలిని నేను మనసులో ఏమన్నానో రాయను. సర్జన్ గారు పొడుగు మనిషి, నిద్రలేని కళ్ళు. ఇంకా రెండు తెప్పలకు వెళ్ళాలన్నారు. పలక చూశారు. ఐదు వేల నూట యాభై.

"ఐదు వేలన్నారు కదా ఉమా. ఇది ఐదు వేల పైనే ఉంది."

"పదింటికి అన్నాను. పది కాలేదు. ఇంకో నమూనా తీస్తాం."

"నమూనాకి ఇరవై నిమిషాలు."

"మీరు చేతులు కడుక్కోవడానికి పది. టీకి పది."

నెత్తురు నేనే తీశాను. యంత్రంలో పెట్టాను. ఇరవై నిమిషాలు అంటే ఎంతో ఇప్పుడు నాకు బాగా తెలుసు. సర్జన్ గారు టీ తాగారు. ఆయన మనుషులు పెట్టె తెరిచి పరికరాలు గుడ్డ మీద పేర్చారు. ఒక్కోటి పెడుతుంటే చప్పుడు. సిస్టర్ పెదవులు కదులుతున్నాయి. ఏసుపాదం గారు తన డ్యూటీ కాకపోయినా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. రాజుగారు కుర్చీలో కూర్చుని గోడ గడియారం కేసి చూస్తున్నారు. మొదటిసారి ఏదీ పైకి లెక్కపెట్టలేదు.

వీరవేణి కప్పు చూస్తూ పడుకుంది. దుప్పటి కింద ఆ కాలు కదలకుండా ఉంది, తన సంగతే మాట్లాడుకుంటున్నారని విన్నట్టు.

పలక మీద అంకె మారింది.

నాలుగు వేల ఏడొందలు.

సర్జన్ గారు దగ్గరికి వచ్చి దుప్పటి తీశారు. కాలు నొక్కి చూశారు. నల్లదనం చుట్టూ చివర్లలో ఎరుపు తేలుతోంది. పాదం పట్టుకున్నారు.

"వేళ్ళు కదుపమ్మా."

కదలలేదు.

"మెల్లగా. తొందర లేదు."

బొటనవేలు కదిలింది. తర్వాత రెండోది. తర్వాత మిగిలిన మూడూ కలిసి ఒక్కసారి.

సర్జన్ గారు పాదాన్ని మెల్లగా దింపి తన వాళ్ళకేసి తిరిగారు. "అన్నీ సర్దెయ్యండి. ఇక్కడ మనకేం పని లేదు."

పరికరాలు మళ్ళీ పెట్టెలోకి వెళ్తున్న చప్పుడు నేను ఇంతవరకు విన్న చప్పుళ్ళన్నిటిలోకీ మంచిది. డాక్టర్ గారు బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చారు. సిస్టర్ నన్ను గట్టిగా పట్టుకుని వెంటనే వదిలేసి, మూడో మంచం జ్వరం రాశావా అన్నారు. రాశాను. తొంభై తొమ్మిది.

నేను కాలి మీద దుప్పటి కప్పబోయాను.

"ఉండవే," అంది వీరవేణి. మాస్కు తనే పక్కకు లాక్కుంది. "తలకాయ కింద ఇంకో దిండెట్టు."

పెట్టాను. ఆమె మెడ ఎత్తి, మంచం ఆ చివర ఉన్న తన పాదాన్ని చూసింది. వాచి ఉంది, పొలుసులు లేచి ఉంది, అయోడిన్ మరకలతో పచ్చగా ఉంది.

"ఏవే," అంది దానితో. "ఉన్నావా?"

బొటనవేలు కదిలింది.

"కాసేపు కప్పకే మంజూ. సూసుకోనీ."

మేమందరం పక్కకు తప్పుకున్నాం.